ఫిలడెల్ఫియాలో మంచి చీజ్‌స్టీక్ ఎక్కడ? ప్యాట్స్ దగ్గరా, జీనోస్ దగ్గరా?

మీరు అడిగింది ఇదీ: వచ్చే నెల న్యూజెర్సీ నుంచి కుటుంబంతో ఒక రోజు ఫిలడెల్ఫియా వస్తున్నారు. అక్కడి చారిత్రక గంట లిబర్టీ బెల్ చూసి, చీజ్‌స్టీక్ (పలచగా కోసి వేయించిన బీఫ్, కరిగిన చీజ్ నింపిన పొడుగు రోల్) తిని, చీకటి పడేలోపు వెనక్కి వెళ్ళాలి. మీరు బీఫ్ తింటారు. మీ ఆవిడ చికెన్ వరకే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు శాకాహారులు. అక్కడి పేరున్న రెండు షాపుల్లో ప్యాట్స్ అని సగం మంది, జీనోస్ అని సగం మంది చెబుతుంటే ఎవరి మాట వినాలో తెలియడం లేదన్నారు.

ఇద్దరి మాటా వినకండి. బీఫ్ చీజ్‌స్టీక్‌కి నా ఓటు జాన్స్ రోస్ట్ పోర్క్‌కి. సౌత్ ఫిలడెల్ఫియాలో, స్నైడర్ అవెన్యూ మీద తూర్పుగా నది వైపు వెళ్తే గోడౌన్లు, రైలు పట్టాల మధ్య ఉంటుంది. పేరులో పోర్క్ ఉందని కంగారు పడకండి, స్టీక్ కూడా అక్కడ అంతే పేరున్న ఐటమ్. లైన్లో నిలబడే ఓపిక ఉంటే నా రెండో ఎంపిక ఏంజెలోస్ పిజ్జేరియా. కారుండి, ఊరికి వాయవ్యంగా రాక్స్‌బరో వైపు పోయే పనుంటే డలెసాండ్రోస్. మీ ఆవిడకి సౌత్ స్ట్రీట్ మీద ఇష్కబిబుల్స్. అమ్మానాన్నలని మాత్రం అసలు స్టీక్ షాపుకే తీసుకెళ్ళొద్దు, రెడింగ్ టెర్మినల్ మార్కెట్‌కి తీసుకెళ్ళండి.

తొందరలో ఉన్నవాళ్ళకి ఈ పేర్లు చాలు. ఎందుకిలా అంటున్నానో తెలుసుకోవాలంటే మిగతాది చదవండి.

నా అనుభవం సంగతి కూడా చెప్పాలి కదా. డెలావేర్ కౌంటీలో మా బావమరిదితో కలిసి చాలా ఏళ్ళు ఒక చిన్న డెలీ, అంటే శాండ్‌విచ్‌ల కొట్టు, నడిపాను. లాటరీ టికెట్లు, కాఫీ, కౌంటరు అతను చూసుకునేవాడు. పెద్ద పెనం లాంటి గ్రిల్ నాది. పొద్దున్నే బేకరీ వాడు రోల్స్ దించి వెళ్ళడం, సగం గడ్డకట్టిన రిబ్‌ఐని (పక్కటెముకల దగ్గరి బీఫ్) స్లైసర్ మీద పెట్టి పలచగా కోయడం, మధ్యాహ్నం చుట్టుపక్కల సైట్లలో పనిచేసేవాళ్ళు ఒక్కసారిగా వచ్చి పడితే రెండు చేతుల్లో రెండు గరిటెలతో తట్టుకోవడం, ఇదీ నా చదువు. మాది గొప్ప చీజ్‌స్టీక్ అని నేననను. కానీ ఆ పని చేశాక, ఇంకొకరి షాపులోకి అడుగు పెట్టగానే ఏం చూడాలో తెలిసిపోతుంది.

ముందు ఆ రెండు షాపుల సంగతి. తొమ్మిదో వీధి, ప్యాస్‌యంక్ అవెన్యూ కలిసే చోట అవి ఎదురెదురుగా ఉంటాయి. ఒకవైపు ప్యాట్స్ కింగ్ ఆఫ్ స్టీక్స్, రోడ్డు దాటితే నారింజ రంగు నియాన్ లైట్ల జీనోస్. చీజ్‌స్టీక్ కథ మొదలైంది ప్యాట్స్ దగ్గరే. 1930లో ప్యాట్ ఒలివియెరీ, అతని తమ్ముడు హ్యారీ అక్కడ హాట్‌డాగ్ బండి నడుపుతుండేవాళ్ళు. ఒకరోజు తాము తినడానికని కాస్త బీఫ్ తెచ్చి, ఉల్లిపాయలతో గ్రిల్ మీద వేయించి రోల్‌లో పెట్టుకున్నారట. ఆ వాసనకి ఆగిన టాక్సీ డ్రైవరు నాకూ ఒకటి చేసివ్వమన్నాడట. అప్పటికి అందులో చీజ్ లేదు. చాలా ఏళ్ళ తర్వాత, 1940లలో, వాళ్ళ ఇంకో బ్రాంచిలో మేనేజరుగా ఉన్న జో లొరెంజా మొదట ప్రోవలోన్ చీజ్ వేశాడని చెప్పుకుంటారు. అందరూ అసలైనదంటూ ఎగబడే చీజ్ విజ్ అనే డబ్బా చీజ్ సాస్ ఇంకా తర్వాతిది. క్రాఫ్ట్ కంపెనీ దాన్ని మార్కెట్‌లోకి తెచ్చిందే 1950లలో. కాబట్టి "విజ్ లేకపోతే చీజ్‌స్టీకే కాదు" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

జీనోస్ 1966లో వచ్చింది. పెట్టినవాడు జోయి వెంటో. పోటీ అప్పుడు మొదలై ఇప్పటికీ నడుస్తోంది, దాని వల్ల బాగుపడింది రెండు షాపులూనూ. టీవీ వాళ్ళు వస్తారు, ఎన్నికలప్పుడు నాయకులు వస్తారు. 2003లో అధ్యక్ష పదవికి పోటీలో ఉన్న జాన్ కెర్రీ ప్యాట్స్‌కి వచ్చి, చీజ్‌స్టీక్‌లో ఇక్కడ ఎవరూ వేసుకోని స్విస్ చీజ్ అడిగి ఊరంతటి చేతా నవ్వించుకున్నాడు, ఆ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. జీనోస్ కిటికీ మీద "ఇది అమెరికా, ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఇంగ్లీషులో మాట్లాడండి" అనే అర్థం వచ్చే స్టిక్కరు చాలా ఏళ్ళు ఉండేది. 2006లో అది దేశమంతా గొడవైంది. నగర మానవ సంబంధాల కమిషన్ దాకా వెళ్ళింది. అది వివక్ష కిందికి రాదని 2008లో కమిషన్ తేల్చింది. వెంటో 2011లో పోయాడు, స్టిక్కరు 2016లో తీసేశారు. మన యాసతో ఆర్డర్ ఇచ్చేవాళ్ళకి ఈ చరిత్ర తెలిసి ఉండడం మంచిదని చెప్పాను. ఇప్పుడు అక్కడ అన్ని దేశాలవాళ్ళూ లైన్లో కనిపిస్తారు.

మరి అవి ఎందుకు వద్దంటున్నాను? చెడ్డవని కాదు. అర్ధరాత్రి దాటాక, ఆట చూసి వస్తూ, నలుగురు స్నేహితులతో ఆ లైట్ల కింద నిలబడి తినడంలో ఒక సరదా ఉంది, దాన్ని కాదనలేను. కానీ మీరు అడిగింది సరదా గురించి కాదు, మంచి శాండ్‌విచ్ గురించి. దానికి ఈ ఊళ్ళో అంతకంటే మంచి చోట్లు చాలా ఉన్నాయి. ఇక్కడే పుట్టి పెరిగిన వాళ్ళని అడిగి చూడండి, చుట్టాలొస్తే ఆ రెండు షాపులకి తీసుకెళ్తాం గానీ మేం తినేది ఇంకోచోట అంటారు.

ఇక అసలు విషయం. చీజ్‌స్టీక్‌ని నిలబెట్టేదీ, పాడుచేసేదీ రొట్టే. మాంసం గురించి అందరూ మాట్లాడతారు, రొట్టె గురించి ఎవరూ అడగరు. పొడుగాటి ఇటాలియన్ రోల్ అది. పైన పల్చటి పొర కాస్త గట్టిగా ఉండాలి, లోపల మెత్తగా ఉండాలి, కొరికితే తెగాలి. కొరికినప్పుడు సాగిందంటే ఆ రోల్ పని అయిపోయినట్టే. మాంసం కొవ్వు, ఉల్లిపాయల నీరు, కరిగిన చీజ్, అన్నీ కలిసి కిందికి దిగుతాయి. మంచి రోల్ అవన్నీ పీల్చుకుని కూడా చివరి ముక్క దాకా విడిపోకుండా ఉంటుంది. పొద్దున దింపిన రోల్ మధ్యాహ్నానికి బాగానే ఉంటుంది, సాయంత్రానికి తోలులా సాగుతుంది. ఇది నేను రోజూ చూసిన మార్పు. అందుకే మా డెలీకి రాత్రి ఏడింటికి వచ్చి స్టీక్ అడిగిన వాళ్ళకి రోల్‌ని గ్రిల్ మీద బోర్లించి కాస్త వేడి చేసి ఇచ్చేవాణ్ణి. కొంత కోలుకుంటుంది, పూర్తిగా కాదు.

జాన్స్, ఏంజెలోస్ నా లిస్టులో పైన ఉండడానికి కారణం కూడా ఇదే. ఏంజెలోస్ వాళ్ళు రోల్స్ తామే కాల్చుకుంటారు. పైన నువ్వులు, గట్టి పొర, కొరికితే కరకరమనే శబ్దం. జాన్స్‌లోనూ నువ్వుల రోలే, స్థానిక బేకరీది. నువ్వులు అలంకారానికి కాదు, వేగిన నువ్వుల రుచి బీఫ్ కొవ్వుకి బాగా కలుస్తుంది. మనకి వేరే చెప్పాలా, నువ్వులు ఎక్కడ వేసినా ఇష్టమే. మామూలు మెత్తటి రోల్స్‌లో అమొరోసోస్ పేరు ఎక్కువ వినిపిస్తుంది. 1904 నుంచీ ఉన్న బేకరీ, ఊళ్ళో చాలా షాపులకి రోల్స్ అక్కణ్ణుంచే వచ్చేవి. మెత్తటి రోల్ ఇష్టపడేవాళ్ళూ ఉన్నారు, అది తప్పేం కాదు. చిన్నప్పటి నుంచీ అదే తిన్నవాళ్ళకి నువ్వుల రోల్ కొత్త ఫ్యాషన్‌లా కనిపిస్తుంది. నా ఓటు నువ్వులకే.

రెండోది మాంసం. మంచి షాపుల్లో రిబ్‌ఐ వాడతారు, అందులో కొవ్వు కండ మధ్యలో సన్నటి గీతల్లా ఉంటుంది కాబట్టి గ్రిల్ మీద ఎండిపోదు. కొన్నిచోట్ల చవకగా దొరికే టాప్ రౌండ్ (వెనక తొడ మాంసం) వాడతారు, రుచి ఉంటుంది గానీ పొడిగా ఉంటుంది. మసాలాలేమీ ఉండవు, ఉప్పు, మహా అయితే మిరియాలు. మన నోటికి మొదటి కొరుకులో చప్పగా అనిపించే అవకాశం ఉంది, దానికి మందు తర్వాత చెబుతాను.

ఇక్కడ రెండు పద్ధతులున్నాయి. డలెసాండ్రోస్‌లో మాంసాన్ని గ్రిల్ మీదే గరిటె అంచుతో టకటకా కొట్టి చిన్న ముక్కలు చేస్తారు, చీజ్ ప్రతి ముక్కకీ పడుతుంది. జీనోస్‌లోనూ, నార్త్ఈస్ట్ ఫిలడెల్ఫియాలో 1980 నుంచీ ఉన్న స్టీవ్స్ ప్రిన్స్ ఆఫ్ స్టీక్స్‌లోనూ కొట్టరు, పలచటి పొరల్ని పొరల్లాగే వేస్తారు. ఏది సరైనదని ఇక్కడి వాళ్ళు గంటలు గంటలు వాదించుకుంటారు. కొట్టిన మాంసం తినడానికి తేలిక, పిల్లలకీ బాగుంటుంది. పొరల్లో మాంసం రుచి బాగా తెలుస్తుంది, కానీ కొరికినప్పుడు ఒక్కోసారి పొర మొత్తం రోల్‌లోంచి ఊడి వచ్చేస్తుంది. నాకు మరీ పొడి చేయకుండా, పొరలు చెదిరేలా రెండు మూడు దెబ్బలేసింది ఇష్టం.

అయితే ఏ పద్ధతి అన్నదాని కంటే మీ మాంసం మీరు ఆర్డర్ ఇచ్చాక గ్రిల్ మీద పడిందా లేదా అన్నది ముఖ్యం. లైన్లో ఉన్నప్పుడు కిటికీలోంచి గ్రిల్ కేసి చూడండి. పచ్చి ఎర్ర పొరలు అప్పుడప్పుడే వేస్తుంటే అదృష్టం. ఒక మూల బూడిద రంగు మాంసం కుప్పగా పోసి ఉండి, అందులోంచి తీసి రోల్స్ నింపుతుంటే కాస్త ఆలోచించాల్సిందే. అంత పలచటి మాంసం ఉడకడానికి రెండు నిమిషాలు చాలు. ఆ తర్వాత కుప్పలో ఉన్నంతసేపూ దాని ఆవిరిలో అదే ఉడుకుతూ, రసం వదిలేసి పీచు అవుతుంది. జనం విపరీతంగా ఉండే షాపులు కుప్ప పోయక తప్పదు, లేకపోతే లైన్ కదలదు. కానీ రద్దీ వేళ ఆ కుప్ప నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి పెద్ద తేడా తెలియదు. అసలు ప్రమాదం రద్దీ తగ్గిన వేళ. పెద్ద పేరున్న షాపుకి మధ్యాహ్నం మూడున్నరకి, జనం లేరు కదా అని సంతోషంగా వెళ్తే, గంట క్రితం కుప్ప మీ వంతుకి రావచ్చు. అందువల్ల పెద్ద షాపుకి రద్దీలో వెళ్ళండి, చిన్న షాపుకి ఖాళీ వేళ వెళ్ళండి. గైడు పుస్తకాలు సరిగ్గా దీనికి తిరగేసి చెబుతాయి.

చీజ్ గురించి ఇక్కడ చిన్న యుద్ధమే నడుస్తుంది. దొరికేవి ముఖ్యంగా మూడు: విజ్, అమెరికన్, ప్రోవలోన్. విజ్ అంటే డబ్బాలోంచి తీసే పసుప్పచ్చటి చీజ్ సాస్, గరిటెతో పోస్తారు. ఉప్పగా, జారుడుగా ఉంటుంది. ప్రోవలోన్‌లో చీజ్ రుచి ఎక్కువ, కానీ వేడి ఎక్కువైతే నూనె విడిచి తీగలు సాగుతుంది. అమెరికన్ చీజ్‌ని చాలామంది చిన్నచూపు చూస్తారు గానీ వేడి శాండ్‌విచ్‌కి దాన్ని మించింది లేదు. అందులో కలిపే లవణాల వల్ల కొవ్వు, ప్రోటీను విడిపోవు, మాంసం మీద పడగానే కరిగి క్రీములా పట్టుకుంటుంది. ఈ మధ్య చాలా మంచి షాపుల్లో కూపర్ షార్ప్ అనే రకం కనిపిస్తోంది. అదీ అమెరికన్ చీజే, కాస్త పులుపూ ఘాటూ ఎక్కువ. మొదటిసారి తినేవాళ్ళకి నేను చెప్పేది: కూపర్ షార్ప్ ఉంటే అది, లేకపోతే అమెరికన్. విజ్ రుచి చూడాలని ఉంటే ఇంకోసారి వచ్చినప్పుడు చూడండి.

చీజ్‌ని ఎలా వేస్తున్నారో కూడా గమనించండి. మాంసం ఇంకా గ్రిల్ మీద ఉండగానే చీజ్ పరిచి, దాని మీద తెరిచిన రోల్ బోర్లించి, కింద గరిటె పెట్టి మొత్తం ఒక్కసారి తిప్పి తీసేవాడు పనివాడు. ఆవిరికి రోల్ లోపలి భాగం మెత్తబడుతుంది, చీజ్ మాంసంలోకి దిగుతుంది. రోల్‌లో చల్లటి చీజ్ ముక్క పెట్టి దాని మీద మాంసం వేస్తే చీజ్ సగమే కరుగుతుంది.

ఆర్డర్ ఇవ్వడం గురించి చాలామంది టెన్షన్ పడతారు. ప్యాట్స్, జీనోస్ దగ్గర "విజ్ విత్" అంటే విజ్, ఉల్లిపాయలతో అని. "అమెరికన్ వితౌట్" అంటే అమెరికన్ చీజ్, ఉల్లి వద్దు అని. ఎన్ని కావాలో, ఏ చీజో, ఉల్లి కావాలో వద్దో, ఈ మూడూ ఈ వరుసలో చెబితే సరిపోతుంది. తప్పు చెబితే వెనక్కి పంపేస్తారని వినే కథల్ని నమ్మకండి, మామూలుగా చెప్పినా ఇస్తారు. లైన్ ముందుకి వచ్చాక కుటుంబ సమావేశం మాత్రం పెట్టకండి, వెనకవాళ్ళు ఊరుకోరు. పాత షాపుల్లో చాలావరకు నగదు అలవాటు ఎక్కువ, కాబట్టి జేబులో కాస్త డబ్బు ఉంచుకోండి. ధర షాపుని బట్టి ఒక్కోటి పదిహేను డాలర్లకి అటూ ఇటూ ఉంటుంది, పెద్దది కాబట్టి ఒకటి ఇద్దరికి చాలినా ఆశ్చర్యం లేదు. వంద డాలర్లు దాటిన చీజ్‌స్టీక్ కూడా ఈ ఊళ్ళో ఉంది. బార్‌క్లే ప్రైమ్ అనే స్టీక్‌హౌస్ 2004లో వంద డాలర్లతో మొదలుపెట్టింది, షాంపేన్‌తో సహా ఇస్తారు. ఆఫీసు ఖర్చు మీద వచ్చినవాళ్ళకి.

చప్పదనానికి మందు అన్నాను కదా. లాంగ్ హాట్స్ అడగండి. పొడుగాటి పచ్చటి ఇటాలియన్ మిరపకాయలు, నూనెలో వేయించి ఇస్తారు. చూడడానికి మన బజ్జీ మిరపకాయల్లా ఉంటాయి. ఒకటి తియ్యగా ఉంటుంది, దాని పక్కది కళ్ళలో నీళ్ళు తెప్పిస్తుంది, ముందుగా చెప్పలేం. అవి ఉంటే ఇక హాట్ సాస్ అక్కర్లేదు. ఊరబెట్టిన చెర్రీ పెప్పర్స్ కూడా చాలా చోట్ల ఉంటాయి, పులుపూ కారమూ ఉంటాయి. బయటి రాష్ట్రాల్లో ఫిల్లీ చీజ్‌స్టీక్ పేరుతో అమ్మేవాటిలో క్యాప్సికమ్ వేస్తారే, ఇక్కడ అడిగితే తప్ప వేయరు.

జాన్స్ గురించి ఇంకో మాట. అది కూడా 1930 నాటిదే, ఒకే కుటుంబం నడుపుతూ వచ్చింది. 2002లో ఫిలడెల్ఫియా ఇన్‌క్వైరర్ పత్రిక ఆహార విమర్శకుడు క్రెగ్ లబాన్ ఊళ్ళో చీజ్‌స్టీక్‌లన్నీ తిరిగి చూసి దీన్ని మెచ్చుకున్నాక బయటి జనానికి తెలిసింది. 2006లో అమెరికా ఆహార రంగంలో పెద్ద పేరున్న జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ వాళ్ళు అమెరికాస్ క్లాసిక్స్ అవార్డు ఇచ్చారు. అయినా వాలకం మారలేదు. కౌంటర్ దగ్గర ఆర్డర్ ఇచ్చి, బయట బల్లల దగ్గర కూర్చుని తినడమే. మాంసం ఆర్డర్‌కే వేస్తారు కాబట్టి కాస్త ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యమే మీకు కావాల్సింది.

ఏంజెలోస్ తొమ్మిదో వీధి మీదే, ప్యాట్స్‌కి కొంచెం ఉత్తరంగా. నటుడు బ్రాడ్లీ కూపర్ దాని యజమానితో కలిసి న్యూయార్క్‌లో షాపు పెట్టాక ఇక్కడ లైన్ ఇంకా పెరిగింది. లోపల కూర్చునే చోటు లేదు, పేవ్‌మెంట్ మీదో కారు బానెట్ మీదో పెట్టుకుని తింటారు. చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు వెంట ఉంటే కష్టం. మీ కుటుంబానికి అందుకే మొదట చెప్పలేదు, రుచిలో జాన్స్‌కి తీసిపోదు.

"డలెసాండ్రోస్‌ని మూడో స్థానంలో పెడతారా?" అని కింద కామెంట్లలో ఎవరో తప్పకుండా రాస్తారు. 1960 నుంచీ ఉన్న షాపు, మాంసం బోలెడు పెడతారు, రాక్స్‌బరో వాళ్ళకి అది ఇంటి షాపు. నా అభ్యంతరం ఒక్కటే, మెత్తటి రోల్‌లో అంత మాంసం నింపితే సగం అయ్యేసరికి ఫోర్క్ కావాల్సి వస్తుంది. ఎదురుగానే చబ్బీస్ ఉంది, లైన్ చూసి అటు వెళ్ళేవాళ్ళూ ఉన్నారు.

ఇప్పుడు మీ ఆవిడ సంగతి. చికెన్ చీజ్‌స్టీక్ అంటే బీఫ్ లేనివాళ్ళకి ఏదో సర్దుబాటు అనుకోకండి, ఇక్కడివాళ్ళు కూడా బాగా తింటారు. దాన్ని మొదలుపెట్టింది మేమే అని ఇష్కబిబుల్స్ వాళ్ళు చెప్పుకుంటారు. చికెన్‌లో కొవ్వు తక్కువ కాబట్టి ఎండిపోతుంది, అందుకని ఉల్లిపాయలు తప్పనిసరిగా వేయించుకోండి, చీజ్ కాస్త ఎక్కువ అడగండి. బఫలో చికెన్ అనే రకంలో హాట్ సాస్ వేస్తారు, మనవాళ్ళకి ఎక్కువ నచ్చేది అదే.

కానీ ఒక విషయం ముందే తెలిసి ఉండాలి. దాదాపు ప్రతి స్టీక్ షాపులోనూ చికెన్, బీఫ్ ఒకే గ్రిల్ మీద వేస్తారు. మా డెలీలో ఎడమ పక్క చికెన్‌కి వదిలేవాళ్ళం, కానీ గరిటెలు, ఉల్లిపాయలు, గ్రిల్ మీద పారే నూనె రెంటికీ ఒకటే. మీ ఆవిడకి బీఫ్ తినకపోతే చాలా, తగలకూడదా అన్నది అడిగి తెలుసుకోండి. తగలకూడదంటే ఆర్డర్ ఇచ్చే ముందు వేరే గ్రిల్ ఉందా అని సూటిగా అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. మా దగ్గరికి ఎక్స్‌టన్ నుంచి వచ్చే తెలుగు కుటుంబాల్లో ఒకావిడ రోజూ అడిగేది. లేదని చెబితే ట్యూనా శాండ్‌విచ్ పట్టుకుని నవ్వుతూ వెళ్ళేది.

ఇది చదివే హైదరాబాదీ మిత్రుల్లో హలాల్ కావాల్సినవాళ్ళకి: వెస్ట్ ఫిలడెల్ఫియాలో 45వ వీధి, వాల్‌నట్ స్ట్రీట్ కలిసే చోట సాద్స్ హలాల్ ఉంది. చీజ్‌స్టీక్ బాగా చేస్తారు, చికెన్ మరూష్ శాండ్‌విచ్ కోసం యూనివర్సిటీ పిల్లలు లైన్ కడతారు.

శాకాహారులకి స్టీక్ షాపులో దొరికేది రోల్‌లో వేయించిన పుట్టగొడుగులు, క్యాప్సికమ్, చీజ్. అదీ అదే గ్రిల్ మీద. గోధుమ ప్రోటీన్‌తో చేసే సైటాన్ చీజ్‌స్టీక్‌లు కొన్ని బార్లలో, వీగన్ షాపుల్లో దొరుకుతాయి. కానీ అది చూడడానికీ నమలడానికీ మాంసంలానే ఉంటుంది. అరవై దాటిన శాకాహారులకి మాంసంలా ఉన్నదాన్ని పెట్టి "ఇది మాంసం కాదు" అని ఒప్పించడం కంటే వేరే ఏదైనా పెట్టడం మేలు. ఇంకోటి, సంప్రదాయ పద్ధతిలో చేసే ప్రోవలోన్‌లో పాలు విరగడానికి జంతువుల నుంచి తీసిన రెన్నెట్ అనే పదార్థం వాడతారు, మీ నాన్నగారికి అలాంటి పట్టింపు ఉంటే చెప్పి పెట్టండి.

అందుకే రెడింగ్ టెర్మినల్ మార్కెట్ అన్నాను. 1893 నుంచీ ఉన్న మార్కెట్, లిబర్టీ బెల్ నుంచి నడిచి వెళ్ళొచ్చు, పైకప్పు కింద కాబట్టి ఎండా వానా బాధ లేదు. వెన్నలో ముంచిన వేడి ప్రెట్జెల్స్ మిల్లర్స్ ట్విస్ట్‌లో తినిపించండి. 1861లో మొదలైన బాసెట్స్ ఐస్‌క్రీమ్ ఉంది, గుడ్డు పట్టింపు ఉంటే ఏ ఫ్లేవర్‌లో ఉందో అడిగి తీసుకోండి. పక్కనే పెన్సిల్వేనియా కన్వెన్షన్ సెంటర్, 2023లో తానా సభలు జరిగింది అక్కడే. అప్పుడు భోజనాల లైన్ తట్టుకోలేక పట్టుచీరలతో, పంచెలతో ఈ మార్కెట్‌లోకి వచ్చి ప్రెట్జెల్స్ తింటున్న మనవాళ్ళని చూసి అమ్మేవాళ్ళు ముచ్చటపడ్డారు. మార్కెట్‌లో చీజ్‌స్టీక్ స్టాళ్ళు కూడా ఉన్నాయి, పరవాలేదు. అక్కడి గొప్పదనం మాత్రం డైనిక్స్ వాళ్ళ రోస్ట్ పోర్క్. పోర్క్ తింటే వదలకండి.

మీ రోజుని నేనైతే ఇలా వేస్తాను. పొద్దున లిబర్టీ బెల్, అక్కణ్ణుంచి పెద్దవాళ్ళతో మార్కెట్, వాళ్ళ భోజనం అక్కడ. తర్వాత కారు తీసి మీరు జాన్స్‌కి. డ్రైవింగ్ వద్దనుకుంటే సౌత్ స్ట్రీట్‌కి నడవండి, అక్కడ ఇష్కబిబుల్స్ ఉన్న దగ్గరే జిమ్స్ అనే చీజ్‌స్టీక్ షాపు కూడా ఉంది. 2022లో అగ్నిప్రమాదంలో దెబ్బతిని 2024లో మళ్ళీ తెరిచారు. మీకు బీఫ్ అక్కడ, మీ ఆవిడకి చికెన్ ఇక్కడ, ఇద్దరూ ఒకే మెట్ల మీద కూర్చుని తినొచ్చు. సౌత్ ఫిలడెల్ఫియాలో పార్కింగ్ బోర్డులు ఒకటికి రెండుసార్లు చదవండి, ఎవరో ఆపారు కదా అని రోడ్డు మధ్యలో ఆపకండి.

పార్సిల్ కట్టించి ఇంటికి తీసుకెళ్దామని మాత్రం అనుకోకండి. కాగితంలో చుట్టాక పది నిమిషాల్లోపు తినాలి, తర్వాత ఆవిరికి రోల్ తడిసి ముద్దవుతుంది. ఒకసారి మా బంధువులు పుట్టినరోజు పార్టీకి బోలెడు చీజ్‌స్టీక్‌లు కావాలన్నారు, ముప్పావు గంట ప్రయాణం. నేను రోల్స్ విడిగా, మాంసం, ఉల్లిపాయలు అల్యూమినియం ట్రేలో విడిగా, చీజ్ విడిగా కట్టిచ్చాను. అక్కడికి వెళ్ళాక ట్రేని ఓవెన్‌లో వేడి చేసి, చీజ్ పరిచి, కరిగాక రోల్స్‌లో నింపుకున్నారు. షాపులో తిన్నట్టు ఉండదు, కానీ తినేలా ఉంటుంది. మీకు తప్పనిసరైతే ఇలా అడగండి, చాలా షాపులు ఒప్పుకుంటాయి.

ఇంకో సంగతి, మీరు న్యూజెర్సీ వాళ్ళు కాబట్టి చెబుతున్నాను, ఇక్కడివాళ్ళు వింటే కొడతారు. నదికి మీ వైపునే, కామ్డెన్‌లో డాంకీస్ ప్లేస్ ఉంది. పొడుగు రోల్ కాదు, గసగసాలు చల్లిన గుండ్రటి కైజర్ రోల్‌లో పెడతారు, ఉల్లిపాయలు దండిగా ఉంటాయి. పేరున్న షెఫ్ ఆంథొనీ బోర్డెయిన్ 2015లో తన టీవీ షోలో తిని, అసలు మంచి చీజ్‌స్టీక్ న్యూజెర్సీలో ఉందేమో అన్నాడు. నేను అంత దూరం వెళ్ళను గానీ రుచి మాత్రం నిజమే. బెన్ ఫ్రాంక్లిన్ బ్రిడ్జి టోల్ ఫిలడెల్ఫియా వైపు వచ్చేటప్పుడే కట్టాలి కాబట్టి వెళ్ళేటప్పుడు అక్కడ ఆగితే అదనపు ఖర్చు లేదు, కడుపులో చోటుంటే.

ఏ రోజు వస్తున్నారో రాయలేదు. ఆదివారం అయితే జాన్స్ మూసి ఉంటుంది, మార్కెట్‌లో ఆమిష్ వాళ్ళ (పాతకాలపు పద్ధతుల్లో బతికే క్రైస్తవులు) స్టాళ్ళు కూడా ఉండవు, ప్లాన్ మొత్తం మారుతుంది. వీలైతే శనివారం పెట్టుకోండి. టైమింగ్స్ తరచూ మారుతుంటాయి, బయలుదేరే ముందు ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి.